92 గ్రాముల ప్రోస్టేట్: టర్పా, హోలెప్పా? యూరాలజిస్టుని ఏమేమి అడగాలి?

కృష్ణలంక_అబ్బాయి

నమస్కారమండి. నాన్నగారికి 69 ఏళ్లు. మళ్లీ మళ్లీ అడగక్కర్లేకుండా వివరాలు ముందే పెడుతున్నాను.

స్కానింగులో ప్రోస్టేట్ 92 గ్రాములు, మధ్య లోబ్ (గ్రంథి మధ్య భాగం) మూత్రాశయంలోకి పొడుచుకొచ్చింది. మూత్రం పోశాక లోపల మిగిలేది 210 మి.లీ. యూరోఫ్లోలో (మూత్ర ధార కొలిచే పరీక్ష) గరిష్ఠ వేగం సెకనుకు 7 మి.లీ. లక్షణాల స్కోరు 35కి 24. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) 3.4, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) 1.1. రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. ఏడాదిన్నరగా ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ 0.4, డ్యూటాస్టెరైడ్ 0.5 కలిపిన మాత్ర వాడుతున్నారు. పోయిన నెల జలుబు మాత్ర వేసుకున్న రాత్రి మూత్రం పూర్తిగా బిగుసుకుపోతే పైపు వేశారు. నాలుగో రోజు తీసేశాక మళ్లీ పోస్తున్నారు. షుగరుకి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. గుండెకు స్టెంట్ వేసి 14 నెలలు. రక్తం పలుచన చేసే ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 నడుస్తున్నాయి.

ఒక డాక్టరు టర్ప్ అన్నారు. ఇంకొకరు లేజరుతో హోలెప్ అన్నారు. రెండింటికీ పైన కోత ఉండదట, మరి తేడా ఏమిటి? పీఎస్‌ఏ 4 లోపే ఉంది కాబట్టి కేన్సర్ భయం లేనట్టేనా? క్లోపిడోగ్రెల్ ఎన్ని రోజుల ముందు ఆపాలి? డాక్టర్ని ఎంచుకునేటప్పుడు ఏం అడిగితే ఆయన పనితనం తెలుస్తుంది?

---

ఎంసీహెచ్_మూడో_ఏడు

ముందు పీఎస్‌ఏ సంగతి, ఎందుకంటే అక్కడ మీ లెక్క తప్పింది. డ్యూటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి 3.4ని రెండుతో గుణించి 6.8గా చదవాలి. కంగారు పడకండి, ఇంకో భాగహారం ఉంది: 6.8ని 92తో భాగిస్తే 0.07 వస్తుంది. దీన్ని పీఎస్‌ఏ సాంద్రత అంటారు; 0.15 కంటే తక్కువ ఉంటే ఆ అంకె గ్రంథి పెద్దదవడం వల్లే అయివుండే అవకాశం ఎక్కువ. అయినా వేలితో చేసే పరీక్ష చేయించకుండా, అవసరమనిపిస్తే ఎంఆర్‌ఐ తీయించకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కించకూడదు. ఇంకో మాట, ఆ రక్తం పైపు వేశాక తీశారా, వేయకముందా? పైపు, ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగుసుకోవడం ఇవన్నీ పీఎస్‌ఏని పెంచుతాయి. అలా తీసిన అంకెకు విలువ లేదు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ చేయించాలి.

ఆ డాక్టర్లిద్దరూ డ్యూటాస్టెరైడ్ సంగతి అడిగారో లేదో గుర్తు చేసుకోండి. అడగకుండానే "పీఎస్‌ఏ నార్మల్" అని ఉంటే అది కూడా ఒక సమాచారమే.

ఇక తేడా. రెండింటిలోనూ మూత్రనాళం గుండానే వెళ్తారు, రెండింటిలోనూ గ్రంథి పైతొడుగును వదిలేసి లోపల పెరిగిన కండను తీస్తారు. తీసే తీరు వేరు. టర్ప్ అంటే కొబ్బరి కోరినట్టు: కరెంటు పారే తీగ వలయంతో లోపలి నుంచి ముక్క ముక్కగా కోరుకుంటూ చిప్ప దాకా వెళ్తారు. హోలెప్‌లో మూత్రాశయం మెడ దగ్గర, గడియారంలో 5, 7 గంటలుండే చోట్ల గాడి పెట్టి, కండకీ తొడుగుకీ మధ్య పొర దొరకబుచ్చుకుని, పనసతొన ఒలిచినట్టు లోబులను మొత్తంగా విడదీసి మూత్రాశయంలోకి తోస్తారు. అంత పెద్ద ముద్ద మూత్రనాళంలోంచి బయటికి రాదు కాబట్టి మార్సిలేటర్ అనే యంత్రంతో లోపలే తురిమి పీల్చేస్తారు.

92 గ్రాముల దగ్గర ఈ తేడాకి విలువ వస్తుంది. తీయాల్సిన కండ అందులో 60 గ్రాములు ఉంటుందనుకుందాం. చెయ్యి తిరిగిన సర్జన్ టర్ప్‌లో నిమిషానికి ముప్పావు గ్రాము, మహా అయితే గ్రాము కోస్తాడు. రక్తనాళాలు మాడ్చుకుంటూ పోతే గంట దాటిపోతుంది. మోనోపోలార్ యంత్రమైతే గ్లైసిన్ 1.5 శాతం ద్రవం వాడతారు. తెగిన సిరల్లోంచి అది రక్తంలోకి చేరి సోడియాన్ని పడగొడుతుంది. సోడియం 125 కిందికి దిగితే వాంతి, తికమక, చూపు మసకబారడం, ఇంకా దిగితే ఫిట్స్. గంటలో ముగించాలన్న పాత నియమం ఇందుకే. బైపోలార్‌లో సెలైన్ వాడతారు కాబట్టి సోడియం పడిపోదు. కానీ ఒంట్లోకి నీరు చేరడం చేరుతుంది, స్టెంట్ వేసిన గుండెకు ఆ బరువు మంచిది కాదు. గంట దాటుతోందని మధ్యలో ఆపేస్తే మిగిలిన కండ కొన్నేళ్లకు మళ్లీ పెరుగుతుంది.

అందుకే యూరప్ యూరాలజీ మార్గదర్శకాల్లో 30 నుంచి 80 మి.లీ. (ప్రోస్టేట్‌కి ఒక మి.లీ. దాదాపు ఒక గ్రాము) దాకా టర్ప్, 80 దాటితే ఒలిచే పద్ధతి లేదా పొట్ట కోసి చేసేది అని గీత గీశారు. హోల్మియం కిరణం నీళ్లలో అర మిల్లీమీటరు కూడా చొచ్చుకుపోదు, తగిలిన చోట రక్తనాళాన్ని మూసేస్తుంది. రక్తం పలుచబడే మందులున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. న్యూజిలాండ్‌లోని టౌరంగాలో పీటర్ గిల్లింగ్ బృందం 1990ల్లో రూపొందించిన పద్ధతి ఇది, కొత్త ప్రయోగమేమీ కాదు.

రెజూమ్ (నీటి ఆవిరితో చేసేది), యూరోలిఫ్ట్ (కండను పక్కకు లాగి కట్టేది) అని ప్రకటనలు కనిపిస్తాయి. ఈ సైజుకి సాధారణంగా అవి సూచించరు.

క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. 14 నెలలైంది కాబట్టి మామూలుగా ఆస్పిరిన్ 75 కొనసాగిస్తూ క్లోపిడోగ్రెల్‌ని 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. కానీ ఏ రకం స్టెంట్, ఎక్కడ వేశారు అన్నది చూసి ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాల్సింది కార్డియాలజిస్టు. ఆ కాగితంలో మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా రాయించుకోండి, అందరూ మరిచేది అదే. డాపాగ్లిఫ్లోజిన్ ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. దాని బదులు ఏమివ్వాలో షుగర్ డాక్టర్ని అడగాలి.

యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిముల పరీక్ష) తప్పదు. నాలుగు రోజులు పైపు ఉంది కాబట్టి క్రిములు దొరికే అవకాశముంది. దొరికితే రిపోర్టులో ఏ మందుకి లొంగుతాయో చూసి, అది మొదలుపెట్టాకే టేబుల్ ఎక్కించాలి. క్రిములున్న మూత్రంతో చేస్తే ఆ రాత్రే చలిజ్వరంతో సెప్సిస్‌లోకి (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావడం) పోవచ్చు.

---

లేజర్_టెక్_హన్మకొండ

మెషీన్ సంగతి జెప్త. బోర్డు మీద "లేజర్ ప్రోస్టేట్ ఆపరేషన్" అని రాసుంటది గానీ ఏ లేజరో రాయరు. ఆకుపచ్చ లేజర్ ఉంటది, 532 నానోమీటర్లది, అది కండను ఆవిరి చేస్తది. రక్తం తక్కువే పోతది, కానీ బయాప్సీకి ముక్క మిగలదు. డయోడ్ లేజర్ ఉంటది. హోల్మియం ఉంటది, థూలియం ఉంటది. ఈ రెండింటితోని ఒలుస్తరు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే అడగుండ్రి: "ఆవిరి చేస్తరా, ఒలుస్తరా? ముక్కలు ల్యాబుకి పోతయా?"

రెండోది, వాట్లు. రాళ్లు పగలగొట్టే 20, 30 వాట్ల హోల్మియంతోని 92 గ్రాములు ఒలుసుడంటే మస్తు టైం పడ్తది. 100 వాట్లు, ఆపైన ఉన్న మెషీన్ల మీద సాధారణంగా ఒక్కో దెబ్బకు 2 జౌల్స్, సెకనుకు 40 నుంచి 50 దెబ్బలు (హెర్ట్జ్) పెట్టుకుంటరు. 50, 60 వాట్లతోని కూడా చేసే సర్జన్లున్నరు, చేతి మీద ఆధారం. ఫైబర్ 550 మైక్రాన్లది వాడ్తరు. కొసకు మాడితే కట్ చేసి మళ్లీ వాడుకుంటరు, అందులో తప్పు లేదు.

అసలు గండం మార్సిలేటర్ కాడ. చాలా చిన్న ఆస్పత్రులల్ల లేజర్, మార్సిలేటర్ ఆ రోజుకి కిరాయికి తెస్తరు. కిరాయి తప్పు కాదు గానీ, లేజర్ మంచిగ నడిచి మార్సిలేటర్ బ్లేడు మొద్దుబారిందనుకో, ఒలిచిన ముద్దలు మూత్రాశయంల తేలుకుంట ఉండిపోతయి. అప్పుడు ముద్దల్ని టర్ప్ తీగతోని ముక్కలు చేసుడో, పొట్ట మీద చిన్న కోత పెట్టుడో, మర్నాడు మళ్లీ టేబుల్ ఎక్కించుడో. స్పేర్ బ్లేడు ఉందా అని అడుగుండ్రి, ఎవరూ అడగరు ఈ మాట. ఇంకోటి, మార్సిలేటర్ పెట్టేముందు రక్తం పూర్తిగ ఆపి, మూత్రాశయం నీళ్లతోని నిండుగ ఉబ్బియ్యాలె. చూపు మసకగ ఉండంగ తొందరపడితే, లేదంటే నీళ్లు చాలకపోతే, బ్లేడు మూత్రాశయం గోడను లోపలికి గుంజుతది.

ప్యాకేజీల ఏమేమి కలిసినయో రాసియ్యమనుండ్రి: ఫైబర్, బ్లేడు, మూడు దారుల పైపు, సెలైన్ సంచులు, బయాప్సీ. తక్కువ రేటు చెప్పి ఫైబర్, బ్లేడు విడిగ బిల్లేసుడు ఉంటది.

---

పాత_టర్ప్_చెయ్యి

హోలెప్ గొప్పదే, కాదనను. కానీ ఆ పొర దొరకబుచ్చుకోవడం నేర్చుకోవడానికి సుమారు 50 కేసులు పడుతుంది. ఆ 50లో మీ నాన్నగారు ఎన్నోవారు అన్నది టర్పా హోలెప్పా అన్నదాని కంటే పెద్ద ప్రశ్న. పొర తప్పితే తొడుగుకి చిల్లి పడుతుంది. కింది కొసన తొందరపడి లాగితే మూత్రాన్ని బిగబట్టే కండరం సాగుతుంది. టర్ప్‌లో వెరూ అనే గుర్తు (ఆ కండరానికి కాస్త పైన ఉండే చిన్న గుబ్బ) దాటి కిందికి కోయకూడదని మొదటి రోజే నేర్పుతారు; హోలెప్‌లో ఆ సరిహద్దు దగ్గర చెయ్యి నిలవాలంటే అనుభవమే కావాలి.

కాబట్టి అర్హత మొదట: జనరల్ సర్జరీలో ఎంఎస్ తర్వాత మూడేళ్ల ఎంసీహెచ్ యూరాలజీ లేదా డీఎన్‌బీ యూరాలజీ చేసి ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు చూసుకోవచ్చు. తర్వాత సూటిగా అడగండి. ఒలిచే ఆపరేషన్లు ఇప్పటికి ఎన్ని చేశారు, 80 గ్రాములు దాటినవి ఎన్ని? పోయిన ఏడాది ఎంతమందిని రక్తస్రావానికి మళ్లీ థియేటరుకి తీసుకెళ్లారు? మూడు నెలలయ్యాక కూడా ప్యాడ్ వాడుతున్నవాళ్లు ఉన్నారా? కత్తి పట్టేది మీరేనా, వేరే ఊరి నుంచి ఎవరైనా వస్తారా? వస్తే, అర్ధరాత్రి గడ్డలు కట్టినప్పుడు చూసేది ఎవరు? లెక్కలు పెట్టుకునే డాక్టరు వెంటనే చెబుతాడు. "అలాంటివి మా దగ్గర జరగవు" అన్నవాడి దగ్గర జాగ్రత్త.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. సెకనుకు 7 మి.లీ. అంటే అడ్డు ఉండి అలా కావచ్చు, మూత్రాశయం కండరం నీరసించి కూడా అలా కావచ్చు. అసలు ఆ పరీక్షలో పోసింది 150 మి.లీ. కంటే తక్కువైతే ఆ అంకెనే నమ్మకూడదు. షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో రాయలేదు మీరు. పదిహేనేళ్లు దాటినా, మలబద్ధకం, కాళ్ల తిమ్మిరి ఉన్నా యూరోడైనమిక్స్ (మూత్రాశయం ఒత్తిడి కొలిచి కండరం బలం చూసే పరీక్ష) చేయించడం మేలు. కండరం చచ్చుబడితే ఎంత బాగా ఒలిచినా పైపు తీశాక మూత్రం రాదు. అలాంటప్పుడు 12 లేదా 14 ఫ్రెంచ్ (పైపు లావు కొలత) సన్న పైపు రోజుకు నాలుగుసార్లు తామే పెట్టుకుని తీసేసే పద్ధతి కొన్ని వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది. అది ముందే తెలిసి వెళ్తే గొడవ ఉండదు.

దగ్గర్లో చెయ్యి తిరిగిన హోలెప్ సర్జన్ దొరక్కపోతే, గుండె అనుమతిస్తే, పొట్ట కోసి ఒలిచే పాత ఆపరేషన్ కూడా చెడ్డదేమీ కాదు. రక్తం, ఆస్పత్రిలో ఉండే రోజులు ఎక్కువ, అంతే. నిమ్స్, స్విమ్స్, ఉస్మానియా, కేజీహెచ్‌లలో యూరాలజీ విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుంటే లేజరు పద్ధతికి వర్తిస్తుందా లేదా అన్నది చేరకముందే ఆరోగ్యమిత్రని అడగండి.

---

వార్డు_సిస్టర్

డాక్టర్లు థియేటర్ దాకా చెప్పారు, ఆ తర్వాత 48 గంటల సంగతి నేను చెబుతాను. పేషెంటు పక్కన కూర్చునేది మీరే కదా.

బయటికి వచ్చేటప్పుడు 20 నుంచి 24 ఫ్రెంచ్ సైజు మూడు దారుల పైపు ఉంటుంది. ఒక దారి బెలూనుకి, ఒకటి సెలైన్ లోపలికి, ఒకటి బయటికి. పైన మూడు లీటర్ల సంచులు వేలాడుతుంటాయి. బయటికి వచ్చే నీరు ఎర్రబడితే ధార పెంచుతాం, లేత గులాబీకి వస్తే తగ్గిస్తాం. ఇక్కడే ప్రమాదం: రంగు ఎర్రగా ఉందని అటెండరు పైన చక్రం తిప్పి ధార పెంచేస్తాడు, కింద పైపు గడ్డతో మూసుకుపోయి ఉంటుంది. లోపలికి పోతుంది, బయటికి రాదు. మూత్రాశయం ఉబ్బి పగిలిపోయే దాకా వెళ్లొచ్చు. కింది సంచిలో చుక్క పడటం ఆగినా, పొత్తికడుపు గట్టిగా ఉబ్బినా, ముందు చేయాల్సింది పైన ధార బిగించేయడం. తర్వాత సిస్టర్ని పిలవండి. 50 మి.లీ. సిరంజితో సెలైన్ నెట్టి, గడ్డను వెనక్కి లాగుతాం. పైపు మడత పడి కాలి కింద నలిగిందేమో కూడా చూడండి, సగం సార్లు కారణం అదే.

లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని ఒక కాగితం మీద రాయండి. వచ్చేది ఎప్పుడూ ఎక్కువే ఉండాలి, ఎందుకంటే సెలైన్‌తో పాటు కిడ్నీల మూత్రం కూడా అందులోనే కలుస్తుంది.

పైపు పక్కనుంచి కారుతూ, పోయాలని తెగ అనిపిస్తూ, ముక్కుతుంటారు. బెలూను రుద్దుకుని మూత్రాశయం మెలిపెట్టడం అది. ముక్కవద్దని చెప్పండి, ముక్కితే రక్తం పెరుగుతుంది. దానికి మాత్ర ఉంది, అడగండి. పైపు లాగేసుకునే పెద్దవాళ్లున్నారు; బెలూను ఉబ్బి ఉండగా లాగితే మూత్రనాళం చీరుకుపోతుంది. ఆ రాత్రి ఒక మనిషి మెలకువగా ఉండాల్సిందే.

హోలెప్‌కి ఒకటి రెండు రోజుల్లో, టర్ప్‌కి రెండు మూడు రోజుల్లో పైపు తీస్తారు. తీశాక మంట, అవసరం రాగానే పరుగు, కొద్దిగా కారడం ఉంటాయి. ఇవి ఆరు వారాల దాకా ఉండొచ్చు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు ఇవ్వండి, గుండె డాక్టరు పరిమితి పెడితే అంతవరకే. మలబద్ధకం రానివ్వకండి: రాత్రిపూట ఇసబ్‌గోల్ గానీ లాక్టులోజ్ గానీ. పది నుంచి పద్నాలుగో రోజు మధ్య లోపలి పక్కు ఊడి మళ్లీ ఎర్రగా రావచ్చు. నీళ్లు పెంచి పడుకోబెడితే చాలావరకు సర్దుకుంటుంది. గడ్డలు పడినా, ధార ఆగినా, చలిజ్వరం వచ్చినా మాత్రం అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికే. ఆరు వారాలు స్కూటర్ వద్దు, నీళ్ల బిందె ఎత్తొద్దు, నేల మీద కూర్చుని లేవడం తగ్గించండి.

---

కృష్ణలంక_అబ్బాయి

అందరికీ ధన్యవాదాలండి. పీఎస్‌ఏ రక్తం పైపు వేయకముందే తీశారు. షుగర్ 11 ఏళ్లు, తిమ్మిర్లు లేవు. యూరోఫ్లోలో పోసింది 190 మి.లీ. రెండు సందేహాలు. రాత్రి లేవడం పూర్తిగా పోతుందా, నాన్నగారికి అదే పెద్ద బాధ. రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది. ఈ ఆపరేషన్ తర్వాత దాంపత్యం ఉండదని ఎవరో చెప్పారట, అందుకే ఆయన వాయిదా వేస్తున్నారు.

---

ఎంసీహెచ్_మూడో_ఏడు

మొహమాటం వద్దు, ఇది డాక్టరే ముందుగా చెప్పాల్సిన విషయం. అంగస్తంభన నరాలు తొడుగు బయట ఉంటాయి, లోపల ఒలిచినంత మాత్రాన సాధారణంగా దెబ్బతినవు. ఆపరేషన్‌కి ముందు ఎలా ఉందో తర్వాతా దాదాపు అలాగే ఉంటుంది. మారేది వీర్యం. మూత్రాశయం మెడ తెరుచుకుపోవడం వల్ల అది బయటికి రాకుండా వెనక్కి వెళ్లి తర్వాత మూత్రంతో పోతుంది. టర్ప్‌లోనైనా హోలెప్‌లోనైనా నలుగురిలో సుమారు ముగ్గురికి ఇలాగే ఉంటుంది. హాని లేదు, తృప్తి ఉంటుంది, పిల్లలు కావాలనుకునే వయసువాళ్లకే ఇబ్బంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి కలవొచ్చు.

రాత్రి లేవడం గురించి అంత గట్టిగా మాట ఇవ్వలేం. ధార, ముక్కడం, మిగిలిపోవడం బాగా తగ్గుతాయి. రాత్రి లేవడం తగ్గుతుందా అన్నది రాత్రి మూత్రం ఎంత తయారవుతోందన్న దాని మీద ఉంటుంది. మూడు రోజులు కొలపాత్ర పెట్టి, ఎప్పుడు ఎన్ని మి.లీ. పోశారో రాయండి. పడుకున్నాక పోసినవీ పొద్దున లేవగానే పోసినదీ కలిపి, 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటితే అది కిడ్నీలు రాత్రి ఎక్కువ తయారు చేయడం. దాన్ని ప్రోస్టేట్ ఆపరేషన్ మార్చదు. కాళ్ల వాపు, గురకతో ఊపిరి ఆగడం, పొద్దుపోయి వేసుకునే నీటి మాత్ర, ఇవి కారణాలు. డాపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రంలో చక్కెర వదిలి మూత్రం పెంచే మందే. ఆయన అది ఏ పూట వేసుకుంటున్నారో చూడండి; రాత్రైతే పొద్దుటికి మార్చవచ్చేమో షుగర్ డాక్టర్ని అడగండి.

మూత్రాన్ని బిగబట్టే కటి అడుగు కండరాల వ్యాయామం ఇవాళే మొదలుపెట్టించండి, ఆపరేషన్ అయ్యేదాకా ఆగొద్దు. గాలి ఆపుకున్నట్టు బిగించి 5 నుంచి 10 సెకన్లు పట్టి వదలాలి, పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు బిగించకూడదు. పైపు ఉన్న రోజుల్లో చేయకూడదు, తీసిన మర్నాటి నుంచి మళ్లీ.

ఒకటి రాసిపెట్టుకోండి. ఆపరేషన్ అయిన మూడు నెలలకు పీఎస్‌ఏ చేయిస్తారు. అప్పటికి డ్యూటాస్టెరైడ్ ఆపేసి ఉంటారు. హోలెప్ తర్వాత అది తరచుగా 1 దగ్గరికి, ఇంకా కిందికీ దిగుతుంది. ఆ తర్వాత 4 అన్న గీత ఆయనకు వర్తించదు. 0.8 ఉన్నది రెండేళ్లకు 2.5 అయితే ల్యాబు కాగితం మీద "నార్మల్" అనే ఉంటుంది, కానీ మిగిలిన తొడుగు భాగంలో ఏముందో వెతకాల్సిన పెరుగుదల అది. బయాప్సీ రిపోర్టు, తీసిన కండ గ్రాముల లెక్క, ఆ మూడో నెల పీఎస్‌ఏ, ఈ మూడూ ఒకే ఫైల్లో పెట్టండి.

---

లేజర్_టెక్_హన్మకొండ

రేపు కంటి శుక్లాల ఆపరేషన్ ఏమన్న అనుకుంటున్నరా? టామ్సులోసిన్ వాడినట్టు కంటి డాక్టరుకి ముందే చెప్పుండ్రి, ఆపేసినంక కూడా చెప్పాలె. కంటిపాప చుట్టూ పొర సాగి వదులైతది, ముందుగ తెలిస్తే వాళ్లు దానికి తగ్గట్టు తయారుగుంటరు.